గండికోట, గండి క్షేత్రాల్లో బస: లోపలా, వెలుపలా

చూడబోయే స్థలంలోనే రాత్రి ఉండటమా, దగ్గరి ఊళ్లో గది తీసుకుని పగలు వెళ్లి రావడమా అన్నది ప్రతి విహారయాత్రలోనూ ముందుగా తేల్చుకోవలసిన విషయం. మొదటిదాన్ని ఈ వ్యాసంలో లోపలి బస అనీ, రెండోదాన్ని వెలుపలి బస అనీ వ్యవహరిస్తాం. థీమ్ పార్కులు వచ్చాక ఈ ఎంపిక చుట్టూ పెద్ద హోటల్ వ్యాపారమే పెరిగింది. తెలుగు యాత్రికులకు మాత్రం ఇది సత్రాల కాలం నుంచీ తెలిసిన ప్రశ్నే. కడప జిల్లాలో దీన్ని పరిశీలించడానికి రెండు చోట్లు ఉన్నాయి. పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకుని పారే చోట, జమ్మలమడుగు దగ్గర ఉన్న గండికోట ఒకటి. పాపాఘ్ని నది శేషాచలం కొండలను దాటే చోట, వేంపల్లె దగ్గర ఉన్న గండి వీరాంజనేయస్వామి క్షేత్రం మరొకటి. మొదటిది విహారస్థలం, రెండోది పుణ్యక్షేత్రం. రెండు చోట్లా బసను నిర్ణయించేది ధర కన్నా ముందు వేళ: ఆ స్థలాన్ని ఏ గంటలో చూడాలని వచ్చారన్నదాన్ని బట్టే మిగతా లెక్కలు మారతాయి.

పరిధి, విభజన

లోపలి బస అంటే యాజమాన్యం ఒకటే కావడమా, దూరం తక్కువ కావడమా అన్న సందిగ్ధం ఉంది. అమెరికాలో అనాహైమ్ నగరంలోని డిస్నీలాండ్ ఎదుట హార్బర్ బులవార్డ్ మీద ఉన్న ప్రైవేటు మోటళ్లు కొన్ని, డిస్నీ సొంత హోటళ్లకన్నా పార్కు గేటుకు దగ్గర. కాగితం మీద అవి వెలుపలివి, కాలినడకకు లోపలివి. గండికోటలోనూ అంతే. పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే హరిత హోటల్ కోటగోడకు బయటే ఉన్నా, కోటను చూడటానికి వచ్చినవారికి అది లోపలి బస కిందే లెక్క. కాబట్టి బండి ఎక్కకుండా స్థలానికి చేరుకోగలిగితే దాన్ని లోపలి బసగా, బండి తప్పనిసరి అయితే వెలుపలి బసగా తీసుకోవడం వాడుకకు దగ్గరగా ఉంటుంది.

చరిత్ర

దక్షిణాదిలో ప్రయాణికుల బస సత్రాలతో, చావడులతో, గుడి మంటపాలతో సాగింది. రాజులు, జమీందార్లు, వర్తకులు బాటల పొడవునా సత్రాలు కట్టించి వాటి పోషణకు మాన్యాలు ఇచ్చారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా ప్రయాణించారు. ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి అన్నవి ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో శ్రద్ధగా నమోదు చేశారు. బస గురించిన సమాచారాన్ని తర్వాతి ప్రయాణికుల కోసం తెలుగులో రాసిపెట్టిన తొలి గ్రంథాల్లో దానికి స్థానం ఉంది.

గండికోటకు బయటివారు రావడం అంతకు చాలా ముందే మొదలైంది. స్థానిక సంప్రదాయం ప్రకారం కోటకు 1123లో కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు పునాది వేశాడు. విజయనగర కాలంలోనూ తర్వాతా పెమ్మసాని నాయకులు దాన్ని రాతికోటగా బలపరిచి ఏలారు. పదిహేడో శతాబ్ది మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని జయించాడు. ఆ వెంటనే, 1652లో, ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చి తన యాత్రా గ్రంథంలో ఆ సంగతులు రాశాడు. కోట పాలనకేంద్రంగా ఉన్నన్నాళ్లు అక్కడికి వచ్చినవారు అక్కడే ఉండేవారు, ఊరంతా కోటలోనే ఉండేది కనుక. కోట ప్రాధాన్యం తగ్గి వ్యాపారం, కచేరీలు జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు మళ్లాక బస కూడా వాటితోపాటే కిందికి దిగింది. ఆ తర్వాత కాలంలో జామియా మసీదు పక్కనున్న కమాను కప్పు ధాన్యాగారాన్ని ప్రయాణికుల బంగళాగా వాడారు. రాజుల గాదె ప్రయాణికుల గది కావడం ఈ కోట బస చరిత్రలో గుర్తుంచుకోదగిన మలుపు.

థీమ్ పార్కుల బస చరిత్ర 1955లో మొదలవుతుంది. ఆ ఏడాది జులై 17న తెరిచిన డిస్నీలాండ్ కోసమే వాల్ట్ డిస్నీ తన డబ్బంతా పెట్టడంతో, పక్కన హోటల్ కట్టే పని జాక్ రాథర్ అనే వ్యాపారికి అప్పగించాడు. అదే సంవత్సరం తెరుచుకున్న ఆ డిస్నీలాండ్ హోటల్ 1988లో గాని డిస్నీ సంస్థ చేతికి రాలేదు. ఈలోగా పార్కు చుట్టూ ఇతరుల మోటళ్లు వరుసగా లేచాయి, యాత్రికుడి రాత్రి ఖర్చంతా వాటికి పోయింది. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో సుమారు 27,000 ఎకరాలు ముందే కొని, 1971 అక్టోబరు 1న పార్కుతోపాటే సొంత హోటళ్లు తెరిచారు. పార్కు ఆవరణలో హోటల్ ఉండటం వ్యాపార సూత్రంగా స్థిరపడింది అప్పుడే. తెలుగునాట ఆ సూత్రాన్ని పెద్ద ఎత్తున అమలు చేసింది 1996లో హైదరాబాదు శివార్లలో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ.

గండికోట: స్థలమూ చట్టమూ

కోట జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్నా కుడిగట్టున ఉంది. ఉత్తరాన నది దాదాపు 300 అడుగుల లోతున పారుతుంది. ఆ లోయ గోడల్లో పలకలు పలకలుగా కనిపించే ఎర్రరాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్జైట్ అని ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. కోటలో మాధవరాయస్వామి ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం, చార్మినార్ అనే పావురాల బురుజు, కారాగారం, కత్తుల కోనేరు చూడదగినవి. లోయను చూసే బండల మీదికి మసీదు దాటి నడవాలి. కోటలోపల ఇప్పటికీ చిన్న ఊరు ఉంది. బళ్లలో వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లే చాలామంది దాన్ని గమనించరు.

కోటలో హోటల్ ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. కోటలోని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతితోనే కట్టాలి. 1959 నాటి నియమాల కింద, వేరే వేళలు ప్రకటించని రక్షిత కట్టడాలు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంటాయి. అనుమతి లేకుండా వాటిలో వంట చేయడం కుదరదు. కనుక గండికోటలో లోపలి బస అన్నది చట్టరీత్యా గోడ బయటి బసే అవుతుంది. థీమ్ పార్కు యజమాని తన గేటును హోటల్ అతిథికి అరగంట ముందు తెరవగలడు, ఇక్కడ ఆ వీలు ఎవరికీ లేదు. అయితే లోయకు గేటు లేదు. తెల్లవారుజామున బండల మీద కూర్చోవడానికి దగ్గర ఉండటం ఒక్కటే అర్హత.

గండికోటలో బస రకాలు

హరిత హోటల్ కోటకు వచ్చే దారిలోనే, నడిచి వెళ్లగల దూరంలో ఉంది. గదులు, భోజనశాల, బండ్లు నిలిపే చోటు ఉన్నాయి. చిన్నపిల్లలతో, పెద్దవారితో వచ్చే కుటుంబాలకు లోపలి బసలో అన్నిటికన్నా నిలకడైనది ఇదే. గదులు పరిమితం కావడంతో చలికాలపు శని, ఆదివారాల్లో, సంక్రాంతి సెలవుల్లో, ప్రభుత్వం జరిపే గండికోట ఉత్సవాల రోజుల్లో ముందుగా బుక్ చేసుకోనివారికి దొరకడం కష్టం.

గుడారాల బస ఇటీవలి సంవత్సరాల్లో బాగా పెరిగింది. కోట దారి పొడవునా, లోయకు దగ్గరి పొలాల్లో టెంట్లు వేసి, రాత్రి భోజనం, చలిమంట, ఉదయం టిఫిన్ కలిపి మనిషికింత అని తీసుకుంటారు. సాయంత్రం నాలుగైదు గంటలకు చేరి, మర్నాడు టిఫిన్ అయ్యాక ఖాళీ చేయడం వాడుక. బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చే యువకుల బృందాలు వీటిని ఎక్కువగా ఎంచుకుంటాయి. చూడవలసిన తేడాలు టెంటు బట్టలో ఉండవు. మరుగుదొడ్డి ఎంతమందికి ఒకటి, నీళ్లు ట్యాంకరువా బోరువా, రాత్రంతా దీపం ఉంటుందా, నిర్వాహకుడు రాత్రి అక్కడే ఉంటాడా అన్నవి అడిగి తెలుసుకోవాలి. రాళ్ల నేల కావడంతో తేళ్లు, పాములు ఉండటం మామూలే. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. చీకట్లో అంచు దగ్గరికి నడవకూడదన్నది గుడారంలో ఉన్న ప్రతివారూ, ముఖ్యంగా పిల్లలున్నవారు, ఖచ్చితంగా పాటించవలసిన నియమం.

జమ్మలమడుగు లాడ్జీలు వెలుపలి బసలో మొదటివి. బస్టాండు దగ్గరే గదులు, మందుల షాపులు, ఏటీఎంలు, సీఎస్ఐ క్యాంబెల్ ఆసుపత్రి, తెల్లవారగానే ఉగ్గాని, బజ్జీ, కారందోసె దొరికే హోటళ్లు ఉన్నాయి. ఎర్రగుంట్ల–నంద్యాల రైలుమార్గం 2016లో మొదలవడంతో ఊరికి రైలు కూడా వచ్చింది. ముంబయి–చెన్నై మార్గంలో వచ్చేవారు ముద్దనూరులో గాని, ఎర్రగుంట్లలో గాని దిగుతారు. చిన్న ఊళ్ల లాడ్జీల్లో తరచు 24 గంటల లెక్క ఉంటుంది. రాత్రి ఎనిమిదికి దిగినవారు మర్నాడు రాత్రి ఎనిమిది దాకా గది ఉంచుకోవచ్చు. పెద్ద హోటళ్ల మధ్యాహ్నం పన్నెండు లెక్కకన్నా ఇది గండికోట యాత్రకు అనుకూలం: తెల్లవారుజామున కోటకు పోయి వచ్చి, స్నానం చేసి, ఎండ తగ్గేదాకా పడుకోవడానికి వీలవుతుంది.

ప్రొద్దుటూరు జమ్మలమడుగుకు ఇరవై కిలోమీటర్లు. బంగారం, బట్టల వ్యాపారంతో పెరిగిన ఊరు కావడం వల్ల హోటళ్లలో ఎంపిక ఎక్కువ, ఏసీ గదులు సులభం. పెళ్లి బట్టల కొనుగోలుకు వచ్చి, మధ్యలో ఒక పూట గండికోట చూసి పోయే కుటుంబాలకు ఇదే సహజమైన బస. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాల కేంద్రంగా దసరా పెద్దయెత్తున జరిగే ఊరు కనుక ఆ పది రోజుల్లో ఇక్కడ గదిని ఆశించి రాకూడదు. కడప నగరం గండికోటకు సుమారు 80 కిలోమీటర్లు. విమానంలో వచ్చేవారికి తప్ప గండికోట కోసమే అక్కడ దిగడంలో ప్రయోజనం తక్కువ.

గండి క్షేత్రం: నిద్ర చేయడం

చక్రాయపేట మండలంలోని గండి వీరాంజనేయస్వామి ఆలయం పాపాఘ్ని ఒడ్డున, రెండు కొండల నడుమ ఉంది. శ్రీరాముడు బాణపు మొనతో ఆంజనేయుడి రూపాన్ని రాతిపై గీశాడనీ, చిటికెనవేలు మాత్రం పూర్తి కాలేదనీ స్థలపురాణం. వాయుదేవుడు రాముడి కోసం ఈ కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, 1827లో మరణించడానికి ముందు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోకు అది కనిపించిందనీ జిల్లాలో చెప్పుకుంటారు. శ్రావణమాసపు శనివారాలు ఇక్కడ ప్రధాన ఉత్సవాలు. పులివెందుల, వేంపల్లె, రాయచోటి, కడపల నుంచి భక్తులు వస్తారు.

ఈ క్షేత్రంలో బసకు విహారస్థలంలో లేని అర్థం ఒకటి ఉంది. రాయలసీమలో మొక్కుబడిగా దేవుడి సన్నిధిలో రాత్రి పడుకోవడాన్ని నిద్ర చేయడం అంటారు. శుక్రవారం సాయంత్రానికి చేరి, గుడి ఆవరణలో గాని సత్రంలో గాని నిద్రచేసి, తెల్లవారి ఏట్లో నీళ్లుంటే అక్కడ, లేకుంటే కొళాయిల దగ్గర స్నానం చేసి, తలనీలాలు ఇచ్చి దర్శనానికి పోతారు. అటువంటివారికి లోపలా వెలుపలా అన్న ఎంపికే లేదు, రాత్రి అక్కడ ఉండటమే మొక్కు. పెద్ద హోటల్ ఇవ్వలేనిది ఆ నేల ఇస్తుంది. ఈ భావాన్ని పక్కనపెట్టి సౌకర్యాల పట్టికతో మాత్రమే క్షేత్రాల బసను కొలిస్తే అంచనా తప్పుతుంది.

మొక్కు లేనివారికి వేంపల్లె దగ్గర, పది కిలోమీటర్ల లోపే. మంచి గది, మంచి భోజనం కావాలనుకుంటే పులివెందుల. ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదివే పిల్లలను చూడటానికి వచ్చే తల్లిదండ్రులు, అక్కడి వైఎస్సార్ ఘాట్‌కు వచ్చేవారు కూడా ఈ రెండు ఊళ్ల గదులనే వాడతారు కాబట్టి శ్రావణంలో ముందే మాట్లాడుకోవడం అవసరం. గండికోట, గండి ఒకే జిల్లాలో ఉన్నా చెరో మూల ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒకే బస పెట్టుకుంటే తెల్లవారుజాము రెండుచోట్లా చేజారుతుంది.

వేళ: నిర్ణాయక అంశం

గండికోటలో చూడవలసిన గంటలు రెండే, ఉదయపు తొలి గంట, సాయంత్రపు చివరి గంట. వాలు వెలుతురులో ఎర్రరాతి పలకలు ఒక్కొక్కటిగా తేలతాయి, లోయ లోతు అప్పుడే తెలుస్తుంది. నడిమధ్యాహ్నపు ఎండలో అదే లోయ చదునుగా కనిపిస్తుంది. ఈ అక్షాంశంలో డిసెంబరు సూర్యోదయం ఆరున్నర దాటాక, జూన్‌లో ఆరుకు కొంచెం ముందు. చలికాలంలో జమ్మలమడుగు నుంచి అయిదుంపావుకు బయలుదేరితే గాని కోట చేరి, ద్వారం నుంచి బండల దాకా నడిచి, వెలుగు విచ్చుకోవడాన్ని మొదటి నుంచి చూడటం కుదరదు. గండికోటకు ఆర్టీసీ బస్సులు కొన్నే. ఆ వేళకు సొంత బండి అయినా ఉండాలి, ముందురోజే మాట్లాడుకున్న ఆటో అయినా ఉండాలి. గుడారంలోనో హరితలోనో ఉన్నవారు చలికోటు వేసుకుని నడిచివస్తారు.

ఉదయం, సాయంత్రం రెండూ కావాలంటే లెక్క ఇంకా తేటగా తెలుస్తుంది. జమ్మలమడుగులో ఉన్నవారు రెండుసార్లు వచ్చి పోవడానికి 60 కిలోమీటర్లు, ప్రొద్దుటూరులో ఉన్నవారు సుమారు 140 కిలోమీటర్లు తిరగాలి. చాలామంది ఆ పని చేయరు. పది గంటలకు వచ్చి, ఎండలో రెండు గంటలు తిరిగి, ఇంతేనా అని వెళ్లిపోతారు. కోట పట్ల వారి అసంతృప్తికి చాలావరకు కారణం కోట కాదు, వారు వచ్చిన వేళ. వేసవిలో 40 డిగ్రీలు దాటే జిల్లా ఇది. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా రాతినేల మీద నడవడం ఆరోగ్యానికే హాని. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూల కాలం, వానల తర్వాత లోయలో నీరు నిండుగా ఉంటుంది.

గండి క్షేత్రంలో ఆ వేళ శనివారం తెల్లవారుజాము. థీమ్ పార్కుల్లో అది గేటు తెరిచిన మొదటి గంట, వరుసలు ఇంకా పెరగని సమయం. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో సంస్థ హోటళ్లలో దిగినవారికి ప్రతిరోజూ అరగంట ముందు ప్రవేశం ఇస్తారు. గది ధరలో అధికభాగం ఆ అరగంటకూ, పార్కు దాకా తీసుకుపోయే ఉచిత బస్సుకూ, మధ్యాహ్నం గదికి వచ్చి పిల్లలను పడుకోబెట్టగల వీలుకూ చెల్లించేదే.

ఇతర స్థలాలతో పోలిక

రామోజీ ఫిల్మ్ సిటీ: విజయవాడ రహదారిలో అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఈ ఆవరణ ప్రపంచంలోనే అతిపెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. లోపల సితార, తార వంటి హోటళ్లు వేర్వేరు ధరల్లో ఉన్నాయి. గది, టికెట్, భోజనం కలిపిన ప్యాకేజీలు అమ్ముతారు. ఒక్క పగటిలో సందర్శన ముగించదలచినవారికి హయత్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల గదులు చాలు, ఎల్బీనగర్ దాకా 2018 నుంచి మెట్రో కూడా ఉంది. కడప జిల్లా నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లవారి దిగేవారికి ముందురాత్రి లోపలి బస డబ్బుదండుగ, సందర్శన తర్వాతి రాత్రి మాత్రం ఉపయోగం.

వండర్‌లా: బెంగళూరు పార్కు 2005లో మొదలై 2012లో పక్కనే సొంత రిసార్టు తెరిచింది. హైదరాబాదు దగ్గర రావిర్యాలలో 2016లో మొదలైన పార్కు పగటి సందర్శనకు ఉద్దేశించినది. అక్కడ వెలుపలి బసే ఆధారం.

తిరుమల: కొండపై గదులు తిరుమల తిరుపతి దేవస్థానానివి, మఠాలవి. అద్దె తక్కువ, గిరాకీ విపరీతం. గది దొరకనివారికి యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, పడుకోవడానికి హాలు ఉచితంగా ఇస్తారు. కింద తిరుపతిలో దేవస్థానానివే శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం ఉన్నాయి. లోపలి బస వెలుపలి బసకన్నా చవకగా ఉండటం ఇక్కడి విశేషం. థీమ్ పార్కుల ధరల క్రమానికి ఇది పూర్తిగా తలకిందులు. లోపలి స్థలాన్ని లాభానికి కాక సేవకు నడిపితే లెక్క ఎలా మారుతుందో తిరుమల చూపుతుంది.

ఓర్లాండో: వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉన్న ఈ ప్రాంతం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పరిచితమైన విడిది. కిసిమ్మీ పరిసరాల్లో వంటగది ఉన్న అద్దె ఇళ్లు దొరుకుతాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని వెళ్లినప్పుడు పప్పు, చారు, పెరుగన్నం ఇంట్లోనే చేసుకోగలగడం వెలుపలి బసకు మొగ్గేలా చేస్తుంది. అయితే రోజూ పార్కింగ్ రుసుము, దూరపు కారు ప్రయాణం దానికి జత అవుతాయి.

ఖర్చు లెక్క

గది అద్దెలను మాత్రమే పోల్చడం సాధారణంగా జరిగే పొరపాటు. లోపలి బస అద్దె పక్కన వెలుపలి బస అద్దెకు రానుపోను బండి ఖర్చు, బయట తినే భోజనాలు, ప్రయాణంలో పోయే వేళ కలిపి చూడాలి. గుడారంలో మనిషి లెక్కన తీసుకుంటారు, లాడ్జీలో గది లెక్కన. ఇద్దరు వెళ్తే గుడారం దగ్గరగా వస్తుంది, అయిదుగురు వెళ్తే లాడ్జీ చాలా చవక. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. అంతకుమించిన గదులపై 18 శాతం. ఈ ప్రాంతపు మామూలు గదులన్నీ మొదటి తరగతిలోకే వస్తాయి. గదికి గుర్తింపు పత్రం తప్పనిసరి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులను తీసుకొచ్చేవారు ఇంకో సంగతి గమనించాలి: విదేశీయులు దిగితే హోటల్‌వారు 24 గంటల్లో వారి వివరాలు అధికారులకు తెలపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు గది ఇవ్వడానికి వెనుకాడతాయి, అటువంటప్పుడు హరిత గాని ప్రొద్దుటూరు, కడపల పెద్ద హోటళ్లు గాని నయం.

ఎవరికి ఏది

నడక కష్టమైన పెద్దలకు, పసిపిల్లలున్నవారికి, మందులు వేళకు పడాల్సినవారికి గుడారం తగదు. హరితలో గది దొరికితే అది, దొరక్కపోతే జమ్మలమడుగు. ఫొటోగ్రాఫర్లకు, భూగర్భ శాస్త్ర విద్యార్థులకు లోపలి బస తప్ప దారి లేదు. బెలూం గుహలు, తాడిపత్రి ఆలయాలు, మైలవరం జలాశయం కలిపి రెండు మూడు రోజుల యాత్ర పెట్టుకున్నవారు ఒక రాత్రి గండికోటలో, మిగిలిన రాత్రులు దారిలోని ఊళ్లలో ఉండటం మేలు. అన్ని రాత్రులూ ఒకేచోట గడపాలన్న నియమం ఏదీ లేదు, విభజించిన బసే ఈ ప్రాంతానికి ఎక్కువ సరిపోతుంది. ఒంటరిగా వచ్చే స్త్రీలు, కళాశాల బృందాలు నిర్వాహకుల వివరాలు ముందే ఇంట్లో చెప్పి, పగటి వెలుగులోనే చేరుకోవాలి. తాగునీరు, టార్చి, నగదు ఊళ్లోనే సమకూర్చుకోవాలి.

ఊరిపై ప్రభావం

లోపలి బస పెరిగితే గండికోట ఊరికి నేరుగా పని దొరుకుతుంది. రాత్రి ఉన్నవాడికి వంట కావాలి, దారి చూపేవారు కావాలి. రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి వండిపెట్టే ఇళ్లకు ఆదాయం వస్తుంది. పగలు వచ్చి పోయేవాడు ఊరికి మిగిల్చేది తక్కువ, కొన్నిసార్లు నీళ్ల సీసాలే. మరోవైపు గుడారాల సంఖ్య అదుపు లేకుండా పెరిగితే నీటిమీద, బండల శుభ్రతమీద భారం పడుతుంది. చలిమంటలూ పాటల పెట్టెలూ రాత్రి నిశ్శబ్దాన్ని కాజేస్తాయి. వందల ఏళ్లు నిలిచిన గోడల పక్కన ఎంతమంది, ఏ నియమాలతో రాత్రి ఉండవచ్చో నిర్ణయించి అమలు చేయడం ఈ స్థలానికి తక్షణావసరం. వెలుపలి బస జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వ్యాపారాలను పోషిస్తుంది, అక్కడ నీరు, మురుగు వ్యవస్థలు ఆ భారాన్ని మోయగలవు. ఆ దృష్టితో చూస్తే వెలుపలి బసను చిన్నచూపు చూడవలసిన పని లేదు.

ప్రణాళికలో ఉన్న మార్పులు

2023 జులైలో గండికోట దగ్గర ఒబెరాయ్ సంస్థ విలాసవంతమైన హోటల్‌కు శంకుస్థాపన జరిగింది. 2024లో కేంద్రం, మూలధన పెట్టుబడికి రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక సాయం కింద, గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇవి పూర్తయితే ఇప్పటిదాకా హరితకూ గుడారాలకూ పరిమితమైన లోపలి బసలో అన్నిటికన్నా ఖరీదైన తరగతి చేరుతుంది. మధ్యతరగతి కుటుంబం భరించగల గదులు కోట దగ్గర పెరుగుతాయా అన్నది వేరే విషయం. అందుకు హరిత గదుల విస్తరణ, తెల్లవారుజామునా చీకటి పడ్డాకా జమ్మలమడుగు నుంచి కోటకు నడిచే బస్సు అనే రెండు మార్గాలు ఉన్నాయి. రెండోది కట్టడం అక్కరలేనిది, పురావస్తు హద్దులతో పేచీ లేనిది.